బేరమా? బంధమా?

పొద్దున్నే పిల్లల్ని బడికి, ఆయన్ని పనికి పంపించి, గిన్నెలన్నీ ఓ పక్కకు నెట్టి, గ్లాసెడు టీతో కూర్చున్నారా? అయితే వినండి. ఈ వారం పచ్చళ్ల సంగతీ, పట్టుచీర మీద మరకల సంగతీ పక్కన పెట్టి ఒక ఉత్తరం గురించి మాట్లాడుకుందాం.

బోధన్ పక్కన శక్కర్‌నగర్ నుంచి ఒక చెల్లెలు రాసింది. పేరు వెయ్యొద్దంది, వెయ్యను. ఆమె మాటల్లోనే చెబుతాను.

"అక్కా, చిన్నప్పటి సంది చర్చికి పోతున్న. ఆదివారం తప్పను. శుక్రవారం ఉపాసముంట. ఉన్నదాంట్ల దశమ భాగం తీసి పెడ్త. మా ఆయనకు మూడేండ్ల సంది సరైన పని లేదు. మొన్న మోకరిస్తే నోట్లకెళ్లి మాట రాలే. దేవుని మీద కోపమొచ్చింది. ఇంత చేసిన, నాకేమిచ్చినవ్ అనిపించింది. ఇట్లనుకునుడు పాపమా? అసలు నాకు దేవునితోని సంబంధమున్నదా, లేకపోతే ఇన్నేండ్లు ఉత్తగనే పోయొస్తున్ననా?"

శక్కర్‌నగర్ చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1937లో నిజాం కాలంలో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరది. పేరులోనే చక్కెర ఉంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక ఆ నీళ్లు పారిన పొలాల్లో చెరుకు విరగపండేది. సీజన్ వచ్చిందంటే ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ బారులు తీరేవి. మడ్డి వాసన ఆరవేసిన బట్టలకు కూడా పట్టేది. ఫ్యాక్టరీ సైరన్ విని అన్నానికి ఎసరు పెట్టే ఇల్లాళ్లు ఉండేవాళ్లు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. చెరుకు వేసే రైతులు చాలామంది వరికి మళ్లారు. అక్కడి ఇళ్లలో ఈ ఉత్తరం లాంటి ఉత్తరం రాయగల ఆడవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో!

ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. పెద్ద ప్రశ్న అని కాదు. ఆ ప్రశ్న ఒకప్పుడు నాది కూడా కాబట్టి.

మీలో చాలామంది క్రైస్తవులు కాకపోవచ్చు. ఫర్వాలేదు, మొక్కు సంగతి తెలియని ఇల్లాలు ఎవరు చెప్పండి? పిల్లవాడికి జ్వరం తగ్గితే ఇది చేస్తాను, ఆయనకు ఉద్యోగం వస్తే అది ఇస్తాను అని ఏ దేవుడి ముందూ అనుకోని వాళ్లుంటే చెయ్యెత్తండి. నేనైతే ఎత్తను.

మా అమ్మకు కడుపులో గడ్డ అని డాక్టర్లు చెప్పిన రోజున నేను చేసిన మొదటి పని దేవుడితో ఒప్పందం. నలభై రోజులు ఒంటిపూట తింటాను, నా చేతి గాజులు తీసి కానుక వేస్తాను, ఒక్క ఆదివారం కూడా మానను, మా అమ్మను మాత్రం ఉంచు. అంతటితో ఆగక మెదక్ వెళ్లాను. కరువు కాలంలో పోస్నెట్ దొరగారు జనానికి పని చూపించి, పనికి అన్నం పెట్టి కట్టించిన ఆ పెద్ద చర్చి మీరు చూసే ఉంటారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. అన్ని మతాల వాళ్లూ వస్తారక్కడికి. ఆ రంగు అద్దాల కిటికీల కింద కూర్చుని నా షరతులన్నీ మళ్లీ ఒకసారి చదివి వినిపించాను. బజార్లో పసుపు కొనేటప్పుడు కూడా అంత గట్టిగా బేరమాడి ఉండను.

ఏడు నెలలకు అమ్మ పోయింది.

నేను చర్చి మానలేదు. అదే అసలు విచిత్రం. ముందు వరుసలోనే కూర్చునేదాన్ని. కీర్తనకు నేనే ఎత్తుకునేదాన్ని. కోత పండుగకు అందరికంటే పెద్ద గుమ్మడికాయ మా ఇంటి నుంచే వెళ్లింది. స్త్రీల మైత్రిలో నన్ను చూసి, అంత దుఃఖంలోనూ ఈమె విశ్వాసం చెక్కుచెదరలేదు చూడండి అన్నారు. చెక్కు చెదరడానికి లోపల ఏదన్నా ఉంటే కదా! నోరు పాడుతుండేది, నేను అక్కడ లేను. రెండేళ్లు దేవుడితో ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుని, చుట్టాల ముందు మాత్రం నవ్వుతూ కనిపిస్తారే, అలాగన్నమాట.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా అమ్మ బీడీలు చుట్టేది. మా నిజామాబాదులో చాలా ఇళ్లలో జరుగుబాటు ఆ చాట మీదే. తునికాకు తడిపి, మడత విప్పి, కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, కొస మడవాలి. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. చేతులు వాటంతటవే తిరుగుతుంటాయి, మనసు ఖాళీగా ఉంటుంది. మా అమ్మ ప్రార్థనంతా ఆ ఖాళీలోనే. కట్టకొక మనిషి. ఈ కట్ట మా పెద్దోడికి, ఈ కట్ట పక్కింటి నెలలు నిండిన పిల్లకు, ఈ కట్ట మంచి బీడీలు కూడా ఏరి పారేసే కార్ఖానా సేటుకు. సేటు కట్ట దగ్గరికి వచ్చేసరికి దారం కాస్త గట్టిగా బిగిసేది, నేను చూసేదాన్ని!

ఒకసారి చర్చికి వచ్చిన ఒకాయన, పొగాకు పని దేవునికి ఇష్టముండదమ్మా అన్నాడు. మా అమ్మ చేతులాపకుండానే, "నాకూ ఇష్టం లేదు అయ్యగారూ. బియ్యం ఇంకో తొవ్వల పంపియ్యమని మీరు గూడ ఆయనకు చెప్పుండ్రి. పంపిన నాడే మానేస్త" అంది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జబ్బు ముదిరాక కూడా ఆమె తీరు అదే. నేను పక్క గదిలో నా ఉపవాసాల లెక్క రాసుకుంటుంటే, మంచం మీద నుంచి ఆమె గొంతు వినిపించేది. "ఏందయ్యా, రాత్రంత నిద్ర లేదు. గింత నొప్పి పెడ్తే ఎట్ల? జర చూడు." పెద్ద మాటలు లేవు, మహోన్నతుడా పరిశుద్ధుడా అన్న పిలుపులు లేవు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే. కొన్నాళ్లు బాగా తిట్టింది కూడా. తిట్టిన రోజు రాత్రే, "పోనీలే, నువ్వేం జేస్తవ్, ఉన్నవ్ గదా" అనేది. నాకు అప్పుడు అర్థం కాలేదు. తగ్గించమని ఇంకా గట్టిగా అడగదేమని కోపమొచ్చేది.

అమ్మ పోయిన రెండేళ్లకు ఒక సాయంత్రం జొన్నరొట్టెలు చేస్తున్నాను. పెనం అంచు చేతికి తగిలి చర్మం ఊడింది. "ఏందయ్యా, ఇది గూడనా!" అని అరిచాను. అరిచాక తెలిసింది, అది మా అమ్మ మాట. ఇక కట్ట తెగిన చెరువే. మా అమ్మను ఎందుకు తీసుకుపోయినవ్, నా గాజులు తీసుకుని నన్నెందుకు మోసం చేసినవ్, అంత నొప్పి ఎందుకు పెట్టినవ్ అని పొయ్యి ముందు నిలబడి అడిగాను. రొట్టె మాడిపోయింది. మా ఆయన వచ్చి, "ఎవరితో మాట్లాడుతున్నవ్?" అన్నారు. "మాట్లాడాల్సినాయనతోటి" అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా మొహం చూసి, పెనం దించి, నా చేయి చల్లటి నీళ్ల కింద పెట్టారు.

ఏ వెలుగూ రాలేదండీ. ఏ స్వరమూ వినపడలేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు కొందరికి ఇక్కడ ఉరుములూ మెరుపులూ వస్తుంటాయి, నాకు రాలేదు. నా ప్రశ్నలకు ఇప్పటికీ జవాబు లేదు. కానీ ఆ రెండేళ్లలో నేనాడిన మొదటి నిజమైన మాట అది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

కాబట్టి చెల్లీ, కోపం పాపమా అన్నావు కదా, నా మటుకు నాకు నీ ఉత్తరంలో అన్నింటికంటే ప్రాణమున్న మాట అదే. పరాయి వాళ్ల మీద మనకు అలాంటి కోపం రాదు. బైబిలు తీసి చూడు. కీర్తనలు నూట యాభై ఉంటే, చర్చిలో పాడుకునే సంతోషపు కీర్తనలు కొన్నే. మిగతా వాటిలో చాలావాటి నిండా ఏడుపే. ఎక్కడున్నావు, ఎందుకు మొహం తిప్పుకున్నావు, ఇంకెన్నాళ్లు అని నిలదీయడమే. సిలువ మీద యేసు కూడా, నన్నెందుకు వదిలేశావని అడిగిన మనిషే.

మార్త సంగతే తీసుకో. మరియ పాదాల దగ్గర కూర్చుంటే మార్త వంటింట్లో సతమతమైందని చెప్పి ఆడవాళ్లకు చీవాట్లు పెట్టడం ప్రసంగాల్లో ఒక అలవాటు. (ఆ ప్రసంగం అయ్యాక ప్రేమ విందుకు వడ్డించేది మాత్రం మార్తలే!) అదే మార్త గురించి యోహాను సువార్తలో ఇంకో కథ ఉంది, అది తక్కువ చెబుతారు. తమ్ముడు లాజరు చనిపోయాక నాలుగు రోజులకు యేసు వస్తే, మరియ ఇంట్లోనే కూర్చుండిపోయింది. ఊరి బయటిదాకా ఎదురువెళ్లింది మార్తే. వెళ్లి దణ్ణం పెట్టి ఊరుకుందా? నువ్విక్కడ ఉంటే నా తమ్ముడు చచ్చిపోయేవాడు కాదు అని మొహం మీదే అంది. ఆయనకు కోపం రాలేదు. ఆ నిష్ఠూరం తర్వాత జరిగిన సంభాషణలోనే, నువ్వు దేవుని కుమారుడివని నమ్ముతున్నానన్న పెద్ద మాట మార్త నోట వచ్చింది. నిష్ఠూరమాడిన నోటి నుంచే.

ఇక నీ రెండో ప్రశ్న, ఇంత చేసినా ఏమిచ్చావు అన్నది. ఇక్కడ మాత్రం మనిద్దరికీ చురక ఉంది.

క్రైస్తవంలో మూలమైన మాట ఒకటుంది. దేవుడే ముందు వచ్చాడు, ఇవ్వాల్సింది ఆయనే ముందు ఇచ్చాడు, మనం చేసేదంతా ఆ తర్వాతి సంగతి అన్నది. కృప అంటారు దాన్ని. ఆదివారాలూ ఉపవాసాలూ దశమ భాగాలూ కూడబెట్టి కొనుక్కునేది కాదు. యేసు ప్రార్థనలో దేవుణ్ణి అబ్బా అని పిలిచాడు. ఆయన మాట్లాడిన అరమాయిక్ భాషలో ఇంట్లో తండ్రిని పిలిచే మాట అది, మా దిక్కు బాపూ అన్నట్టు. పుట్టింటికి వెళ్లిన ఆడపిల్ల ఎలా ఉంటుంది? తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నె మూత ఎత్తి చూస్తుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అత్తింట్లో కొత్తలో అలా చెయ్యగలమా? పొద్దున్నుంచి ఎన్ని పనులు చేశామో లెక్క పెట్టుకుని, అప్పుడు ఒక ముద్ద నోట పెట్టుకుంటాం. నేను ఇన్నేళ్లూ దేవుడి ఇంట్లో కొత్త కోడలిలాగే మెలిగాను, కూతురిలా కాదు.

తప్పిపోయిన కుమారుడి కథ అందరికీ తెలుసు. ఊరు విడిచిపోయిన చిన్నవాణ్ణే అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఇంట్లోనే ఉండి, ఒక్క ఆజ్ఞా మీరక, ఏళ్ల తరబడి చాకిరీ చేశాను, నాకొక మేకపిల్లనైనా ఇచ్చావా అని గుమ్మం బయట అలిగిన పెద్దవాణ్ణి మనం పట్టించుకోం. తండ్రి అతని కోసం కూడా బయటికి వచ్చాడు, బతిమాలాడు. అతను లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పకుండానే కథ ఆపేశాడు.

అంటే మొక్కుకోవడం తప్పా అని మీరు అడుగుతారు. మా తోడికోడలు అడిగింది కూడా. "మరి హన్నా మొక్కుకోలేదా?" అంది. మంచి ప్రశ్నే.

హన్నా కథ మన పల్లెల్లో జరిగినట్టే ఉంటుంది. పిల్లలు లేరు. సవతి పెనిన్నాకు కడుపు నిండా పిల్లలు. ఏటా షిలోహుకు దేవుడి సన్నిధికి వెళ్లినప్పుడల్లా ఆమె సూటిపోటి మాటలు. భర్త ఎల్కానా మంచివాడే, కానీ, పదిమంది కొడుకుల కంటే నీకు నేను ఎక్కువ కాదా అంటాడు. మగవాళ్ల ఓదార్పు ఆ రోజుల్నుంచీ అంతే! ఆమె అన్నం మాని, లేచి వెళ్లి దేవుడి ముందు కూలబడింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. యాజకుడు ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు. లేదయ్యా, నా ప్రాణాన్ని దేవుడి ముందు ఒలకబోసుకుంటున్నానని ఆమె అర్థం వచ్చేలా చెప్పింది. కొడుకునిస్తే నీకే ఇచ్చేస్తానని మొక్కుకున్న మాట కూడా నిజమే.

అయితే ఆ కథలో నేను చాలా ఏళ్లు చదవకుండా దాటేసిన వాక్యం ఒకటుంది. ఆమె లేచి వెళ్లి అన్నం తిన్నది, ఆ తర్వాత ఆమె మొహం దిగులుగా లేదని ఉంటుంది. ఎప్పుడు? కొడుకు పుట్టాక కాదు. ఆ రోజే, ఇంకా ఏమీ రాకముందే. చేతిలో ఏమీ పడలేదు, ఏలీ ఒక దీవెన మాట అన్నాడు, అంతే. లోపలున్నదంతా చెప్పుకున్నాక ఆకలి తెలిసింది. నేను గాజులు కానుక వేసిన రోజు ఇంటికొచ్చి, మరునాటి స్కానింగ్ కాగితం కోసం గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. తేడా అక్కడుంది.

ఇంకోటి. కొడుకు సమూయేలు పుట్టాక మొక్కు ప్రకారం షిలోహులో వదిలి వచ్చింది. తల్లి ప్రాణం కదా, ఏటా ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేది. ఏడాదిలో ఎంత ఎదిగి ఉంటాడో ఊహించుకుని కుట్టేది కాబోలు. కుట్టుపని తెలిసిన వాళ్లకు ఆ కొలత ఎంత కష్టమో తెలుస్తుంది.

శుక్రవారం ఉపవాసం మానెయ్యమని నేను చెప్పను చెల్లీ. పిల్లవాడికి జ్వరమొస్తే మనకు ముద్ద దిగదు. అది మనం ఎవరికీ బిల్లు వెయ్యని ఉపవాసం. అలా ఉండగలిగితే ఉండు. రేపు ఏదో వస్తుందని లెక్క పెట్టుకుంటూ ఉండేదైతే, ఆ పూట కడుపునిండా తిని పడుకోవడమే నయం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కష్టంలో ఉన్న ఇంటిని వెతుక్కుంటూ కొందరు వస్తారు. నీకు విశ్వాసం తక్కువ కాబట్టే పని దొరకలేదంటారు, ఇంత కానుక వేస్తే అంత వస్తుందంటారు, ప్రార్థన చేశాం కదా మందులు ఆపెయ్యమంటారు. మా అమ్మకు కూడా ఒకరు ఆ మాట చెప్పారు. ఆమె మందు బిళ్ల నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, "ఇప్పుడు చెయ్యుండ్రి ప్రార్థన" అంది. దేవుణ్ణి నమ్మడానికీ మందు మింగడానికీ పేచీ లేదని మా జిల్లాలో వందేళ్ల కిందటే రుజువైంది. ఆ రుజువు డిచ్‌పల్లిలో ఉంది.

నిజామాబాదు నుంచి హైదరాబాదు రోడ్డు మీద పోతే ఎంతో దూరం లేదు డిచ్‌పల్లి. ఇప్పటి పిల్లలకు అక్కడ తెలంగాణ యూనివర్సిటీ తెలుసు, ఖిల్లా రామాలయం తెలుసు. మా చిన్నప్పుడు ఆ పేరు చెబితే పెద్దవాళ్లు గొంతు తగ్గించేవాళ్లు, అక్కడ కుష్ఠు ఆసుపత్రి ఉంది కాబట్టి. స్కాట్లండు దేశంలో పుట్టి, అబర్డీన్‌లో డాక్టరు చదువు చదివిన ఇసాబెల్ కెర్ అనే ఆవిడ, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. మా నిజామాబాదులో కుష్ఠు రోగులకు ఆసరా లేకపోవడం చూసి వాళ్ల కోసం పని మొదలుపెట్టింది. ఊరు వాళ్లను వెళ్లగొట్టేది. ఇంట్లోవాళ్లే అన్నం దూరం నుంచి నెట్టేవాళ్లు. తర్వాత 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వచ్చింది. దానికి పెద్ద విరాళం ఇచ్చినాయన రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. ఇది నేను ఎప్పుడూ గర్వంగా చెప్పుకునే సంగతి.

అప్పట్లో మాత్రలు లేవు. గింజల నుంచి తీసిన నూనెను ఇంజెక్షన్లుగా పొడిచేవాళ్లు, నెలల తరబడి. నొప్పి భరించలేనంత. ఇసాబెల్ అమ్మగారు మోకరించి ప్రార్థన చేసేదే. ప్రార్థించి లేచి సూది పట్టుకునేది. రోగి చేయి పట్టుకోకుండా సూది వెయ్యడం కుదరదు కదండీ? తాకాలి. సువార్తలో ఒక కుష్ఠు రోగి యేసు దగ్గరికి వస్తే, ఆయన ముందు చెయ్యి చాపి అతణ్ణి ముట్టుకున్నాడని ఉంటుంది. బాగుపడ్డాక ముట్టుకోలేదు, రోగంతో ఉండగానే. దేవుడితో సంబంధం అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఆ చెయ్యే గుర్తొస్తుంది నాకు. శుభ్రమై రమ్మని అనని చెయ్యి. 1923లో భార్యాభర్తలిద్దరికీ అప్పటి ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆవిడ కన్నుమూసింది.

మాటల్లో మాట. ఒంటి మీద పాలిపోయిన మచ్చో, కొద్దిగా ఎర్రబారిన మచ్చో ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే దాచుకోకండి. సర్కారు దవాఖానాలో మందులు ఉచితం. ఆరు నెలలో, ఏడాదో వాడితే పూర్తిగా పోతుంది. ముందుగా వెళ్తే వేళ్లు వంకర పోయే బాధే ఉండదు.

మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కూ గరిజెలు చేసి, ఒక డబ్బా నిండా డిచ్‌పల్లి తీసుకుపోయేది. చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకెళ్లేది. అక్కడి ముసలమ్మల పక్కన కూర్చుని వాళ్ల చేత్తో ఇచ్చిన చాయ్ తాగేది. నేను దూరంగా చెట్టు కింద నిలబడేదాన్ని. మంచినీళ్లు కూడా ముట్టేదాన్ని కాదు. "దాహమైతలేదా బిడ్డా?" అంటే లేదనేదాన్ని. బస్సు ఎక్కాక గొంతెండి ఏడ్చేదాన్ని. అమ్మ ఏమీ అనలేదు ఎప్పుడూ.

మరి రోజూ ఎలా, తీరికెక్కడిది అని మీరు అంటారు, తెలుసు. పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలో బ్రదర్ లారెన్స్ అని ఒక సన్యాసి ఉండేవాడు. మఠంలో వంటపని ఆయనకు పడింది. వంట అంటే ఆయనకు సహజంగానే గిట్టదట! అయినా ఆ గిన్నెల చప్పుడులోనే దేవుడితో మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. ప్రార్థన వేళకూ పనివేళకూ తనకు తేడా తెలియనంతగా. ఆయన మాటలు, ఉత్తరాలు చనిపోయాక పుస్తకంగా వచ్చాయి, ఇప్పటికీ చదువుతారు. నాకైతే ఆ సన్యాసికీ బీడీల చాట ముందు కూర్చున్న మా అమ్మకూ పెద్ద తేడా కనిపించదు. మీ చేతిలో బీడీ కట్ట లేకపోతే బియ్యంలో రాళ్లు ఏరే చాట ఉంటుంది, చపాతీ కర్ర ఉంటుంది. రొట్టెకొక మనిషి పేరు. ఎవరి మీద కడుపుమంటో వాళ్ల పేరు కూడా. ఆ రొట్టె కాస్త మాడినా ఫర్వాలేదు.

అలా మొదలుపెట్టాకే నాకు ఒక చిక్కు వచ్చింది. తోడికోడలి పేరు ఎత్తకుండా రొట్టెలు అయిపోయేవి. పొలం పంపకాల దగ్గర మాటా మాటా వచ్చి నాలుగేళ్లు ఆమెతో మాట్లాడలేదు. కానుక బలిపీఠం దగ్గరికి తెచ్చాక నీ సోదరుడికి నీ మీద కోపముందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు అతనితో సమాధానపడమని యేసు చెప్పిన సంగతి నాకు కంఠతా వచ్చు. ఆదివారం బడిలో పిల్లలకు చెప్పించాను కూడా. వెళ్లడానికి మాత్రం ఇంకో మూడు నెలలు పట్టింది. వెళ్తే ఆమె తలుపు తీసి, "కూర్చో, పప్పు మాడుతున్నది" అని లోపలికి పోయింది. అంతే సయోధ్య. ఇందాక హన్నా గురించి అడిగిన తోడికోడలు ఈమే.

శక్కర్‌నగర్ చెల్లికి నేను రాసిన జవాబులో ఇదంతా లేదు. నాలుగు వాక్యాలే రాశాను. నీకు కోపమొచ్చిందంటే నువ్వు మాట్లాడేది ఎవరో ఉన్నారన్నమాట, ఆ కోపం నాకు కాదు ఆయనకే చెప్పు అన్నాను. మీ ఆయన ముందు బాగున్నట్టు నటించకు, ఆయన కూడా నీ ముందు అదే నటిస్తుండవచ్చు, ఒక పూట ఇద్దరూ కూర్చుని కలిసి ఏడవండి అన్నాను. ఇల్లు గడవడానికి నీకు వచ్చిన పని ఏదైనా ఉంటే రాయి, ఇక్కడ తెలిసిన వాళ్లను అడుగుతాను అని కూడా రాశాను. పని దొరుకుతుందని మాట ఇవ్వలేదు. దేవుడి తరఫున మాట ఇచ్చే హక్కు నాకెక్కడిది?

అమ్మ పోయాక రెండు క్రిస్మస్‌లు డిచ్‌పల్లి వైపు వెళ్లలేదు. రొట్టె మాడిన ఏడాది మాత్రం గరిజెలు చేశాను. కొబ్బరి, నువ్వులు, బెల్లం, అమ్మ వేసినట్టే కాస్త యాలకుల పొడి. అంచులు అమ్మకు కుదిరినట్టు కుదరలేదు, రెండు మూడు నూనెలో విచ్చుకున్నాయి కూడా. డబ్బా పట్టుకుని బస్సెక్కాను. అక్కడ ఒక ముసలమ్మ నన్ను పోల్చింది. "నువ్వు బీడీలక్క బిడ్డవు గదా, చెట్టుకింద నిలబడేదానివి" అంది. నా తల వాలిపోయింది. ఆమె లోపలికి పోయి, సగం అరిగిన వేళ్లతో స్టీలు గ్లాసు రెండు చేతుల మధ్య ఒత్తి పట్టుకుని చాయ్ తెచ్చింది.

తాగాను. చక్కెర కొంచెం ఎక్కువే. చెరుకు పండిన దిక్కు వాళ్లం కదా, మాకది అలవాటే.